పిట్ట పేరులో తగ్గిన అక్షరం

మెన్నా ప్యూ బడిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ వేల్స్ దేశపు రిద్‌గారెగ్ ఊళ్లో ఒక్క అక్షరదోషం కూడా వారం రోజులు బతికి బట్టకట్టలేదు. మాంసం కొట్టు ఎమ్లిన్ తన గుమ్మం ముందు బోర్డు మీద సుద్దతో ధరలు రాస్తూ ఏ అక్షరమైనా మింగేశాడంటే, ఆవిడ గొడుగు కొనతో ఆ చోటు చూపించి, అతను తుడిచి మళ్లీ రాసేదాకా వానలో నిలబడేది. ఎమ్లిన్ కూడా ఆవిడ దగ్గర చదువుకున్నవాడే కాబట్టి కిక్కురుమనకుండా దిద్దుకునేవాడు. ఊళ్లో యాభై దాటని వాళ్లంతా ఆవిడ చేతికింద పలక పట్టినవాళ్లే. పలకలకు ఆ ఊరు పెట్టింది పేరు. ఊరి వెనక కొండ కొండంతా నీలి నలుపు పలకరాయి. ఆ రాయిని పొరలుగా చీల్చి దేశదేశాల ఇళ్లకు కప్పులు పంపిన గని మూతపడి చాలా కాలమైంది. రాతి చెత్త గుట్టలూ, వానా మాత్రం మిగిలాయి.

ఆవిడ రిటైరైన ఏడాది శీతకాలంలో ఊరి ప్రార్థన మందిరం, చాపెల్ పక్క హాల్లో నమూనాలు చేసేవాళ్ల క్లబ్బు ఆవిరి ఇంజన్లను ప్రదర్శనకు పెట్టింది. నమూనాలంటే ఉత్త బొమ్మలు కావు. నిజం బొగ్గు తిని, నిజం నీళ్లు తాగి, బుసలు కొడుతూ నలుగురైదుగురు మనుషుల్ని లాక్కుపోయే ఇంజన్లు. కాకపోతే ఒళ్లో పెట్టుకునేంత ఉంటాయి. మెన్నా టీ కోసమని వెళ్లి ఒక ఇంజన్ ముందు ఆగిపోయింది. చక్రాలు, కడ్డీలు, చీమ తలంత మేకులు, అన్నీ అచ్చు గుద్దినట్టు కుదిరాయి. ఇంజన్ పక్కభాగం మీద ఉన్న పేరు మాత్రం తాగి ఇంటికొస్తున్న వాళ్ల వరసలా ఉంది.

"ఎవర్రా ఇది రాసింది?" అంది.

"రాయలేదు మిస్, స్టిక్కర్లు అంటించాం" అన్నాడు క్లబ్బు మనిషి ఒకడు, చేతులు వెనక్కి పెట్టుకుని.

"చేతులకేమొచ్చింది?"

"ఇవి స్పానర్లు పట్టే చేతులు మిస్. అంత బాధగా ఉంటే మీరే రాసిపెట్టొచ్చుగా?"

అతను నవ్వులాటకన్నాడు. మెన్నా నవ్వలేదు. మర్నాడే బస్సెక్కి బాంగోర్ పట్నం వెళ్లి నాలుగు వెంట్రుకల కుంచెలు, ఎనామిల్ రంగులు, నగల షాపు వాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం కొనుక్కొచ్చింది. మొదట్లో పాత బిస్కెట్ డబ్బాల మీద రాసింది. ఎడమ చేతిలో చిన్న కర్ర అడ్డంగా పట్టుకుని, దాని మీద కుడి చేతి మణికట్టు ఆనించి, ఊపిరి బిగబట్టి గీత లాగాలి. ఊపిరి వదిలితే గీత వంకర పోతుంది. గుండె చప్పుడుకు కూడా కుంచె కొన కదులుతుందని ఆవిడకు అప్పుడే తెలిసింది. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకునేలోపు గీత లాగడం నేర్చుకుంది. ఒంటరి మనిషి, అడిగేవాళ్లు లేరు. వంటింటి బల్ల మీద బియ్యపు గింజంత అక్షరానికి పసుపు పూసి, దాని పక్కన వెంట్రుకవాసి ఎర్రటి నీడ దిద్దుతూ కూర్చుంటే, పొయ్యి మీద కూర మాడినా తెలిసేది కాదు. ముప్పై మంది పిల్లల గోల మధ్య బతికిన మనిషికి ఇంత నిశ్శబ్దంలో ఇంత సంతోషం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. కొన్నేళ్లు గడిచేసరికి ఉత్తర తీరమంతటా ఎవరింట్లో ఇంజన్ తయారైనా పేరు రాయించడానికి దుప్పటిలో చుట్టుకుని ఆవిడ గుమ్మంలోకే వచ్చేవారు.

అలా వచ్చినవాడే ఇద్వల్. ఊరి చివర కార్ల గ్యారేజీ అతనిదే. పెళ్లికి ముందు మొదలుపెట్టిన ఇంజన్‌ని కూతురు కాలేజీకి వెళ్లేనాటికి పూర్తి చేశాడు. చేతిలో పనితనానికి తిరుగులేదు గానీ, చదువుకునే రోజుల్లో ఒకే పేజీలో సొంత ఊరి పేరు మూడు రకాలుగా రాసిన ఘనుడు. ఆ కాగితం మెన్నా చాన్నాళ్లు స్టాఫ్ రూములో అందరికీ చూపించి నవ్వించింది.

అతను దుప్పటి విప్పి, బాయిలర్ మీద జీనులా కూర్చునే నీళ్ల ట్యాంకు బల్ల మీద పెట్టాడు. ముదురు ఎరుపు రంగు. వేలితో రాస్తే అద్దంలా జారుతోంది.

"మన గనిలో మొదట నడిచిన ఇంజన్ మిస్ ఇది. మీరు పుట్టకముందే పాత ఇనుముకి అమ్మేశారు. ఉన్నది ఈ ఒక్క ఫోటోనే." ఫోటో తీసి పక్కన పెట్టాడు. "ఇందులో ఎలా ఉందో అలా రాసిపెట్టాలి."

మెన్నా భూతద్దం పెట్టుకుని చూసింది. మళ్లీ చూసింది. భూతద్దం తీసేసింది.

"ఇందులో తప్పుంది."

"తెలుసు మిస్."

"హ్లినోస్ అన్న పేరుకి మొదట్లో రెండు ఎల్‌లు రావాలి. ఇక్కడ ఒకటే ఉంది."

"అదే మిస్ నేను చెప్పేది. ఒకటే రాయండి."

ఇక్కడ సంగతేమిటంటే, వాళ్ల వేల్స్ భాషలో ఎల్ పక్కన ఎల్ రాస్తే అది రెండు అక్షరాలు కాదు, ఒక్కటే. నాలుకను పళ్ల వెనక ఆనించి రెండు పక్కలనుంచీ గాలి ఊదితే పలుకుతుంది. బయటివాళ్లకు చచ్చినా నోరు తిరగదు. మనలో ళ అనాల్సిన చోట ల అంటేనే పెద్దవాళ్లు చెవులు మూసుకుంటారు కదా, వాళ్లకూ అంతే చిరాకు. హ్లినోస్ అంటే పొదల్లో పాడే చిన్న పిట్ట. ఒక ఎల్ తీసేస్తే ఆ పిట్ట ఎగిరిపోయి, నేల మీద పరిచే లైనో షీట్లు మిగులుతాయి. ఇంజన్ తయారైంది ఇంగ్లండులో. అక్కడి రంగులవాడికి ఒకే అక్షరం రెండుసార్లు ఎందుకో అర్థంకాక, ఒకటి మిగిల్చి పంపేశాడు.

"నేను రాయను" అంది మెన్నా.

"ఉన్నది ఉన్నట్టు చేయడమే కదా మిస్ నమూనా అంటే. ప్రతి మేకూ లెక్కపెట్టి కొట్టాను."

"మేకు సంగతి వేరు. తప్పుని తప్పుగానే దిద్దించుకోవడానికి నా దగ్గరికి వచ్చావా? బడిలో ఉన్నప్పుడు ఒప్పు రాయమంటే రాయలేదు. ఇప్పుడు తప్పు రాయమని నాకు పాఠం చెప్తున్నావు."

"జన్మలో మొదటిసారి స్పెల్లింగులో నాది కరెక్టయింది మిస్. కాస్త ఒప్పుకోండి."

"ఒరే ఇద్వల్!"

అతను అలవాటుగా లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక తనకు తలంతా నెరిసిందని గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు. "అయితే చెస్టర్లో ఒకాయన ఉన్నాడట. ఇంగ్లీషాయన. ఏం అడక్కుండా రాసిస్తాడు."

"ఏం అడక్కుండా రాశాడు కాబట్టే కదరా అప్పుడు అక్షరం పోయింది!"

అయినా ఇద్వల్ పట్టు వదల్లేదు, ట్యాంకు మాత్రం వదిలి వెళ్లాడు. మెన్నా చుట్టూ పసుపు గీత అంచు కట్టింది. తయారీదారుల పేరున్న ఇత్తడి బిళ్ల ముందు పెట్టుకుని, ఉబ్బెత్తు అక్షరాల సందుల్లో ఎర్ర రంగు నింపి, ఆరాక పైపైన తుడిచింది. చిటికెన వేలి గోరంత బిళ్ల మీద అక్షరాలు బంగారంలా పైకి తేలాయి. పేరు రావాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలేసింది.

వారం తిరక్కముందే ఊరు రెండు ముక్కలైంది. ఎమ్లిన్ మాంసం కొడుతూ కొడుతూ తాను మిస్ పక్షం అన్నాడు. పోస్టాఫీసు ఆవిడ, "పాపం ఇద్వల్ అంతకాలం గ్యారేజీలో చలికి వణుకుతూ చేశాడు, ఆయన ఇంజను ఆయన ఇష్టం" అంది. చాపెల్లో ప్రసంగం ముగిశాక పాస్టరు గారు ఇద్దర్నీ ఉద్దేశించి వినయం గురించి రెండు ముక్కలు చెప్పబోతే, ఆయన రాసుకొచ్చిన కాగితంలోనే ఒక తప్పుందని మెన్నా గుమ్మం దగ్గర చెప్పింది. ఇద్వల్ భార్య, "ఇన్నేళ్లు ఆ ఇంజన్‌తో కాపురం చేశావు, పేరు పెట్టడానికి ఏడుస్తున్నావా? నా పేరు రాయించు, నాలుగే అక్షరాలు, తప్పు పోదు" అని దెప్పింది.

ప్రతి బుధవారం మెన్నా వృద్ధుల నివాసానికి వెళ్లి నెలీ టోమోస్‌ని పలకరిస్తుంది. నెలీ తొంభై దాటిన మనిషి. చూపు కాస్త మందగించినా నోరు మందగించలేదు. ఆ బుధవారం ఎండు ద్రాక్ష రొట్టె ముక్కలకు వెన్న రాసి చేతికిస్తూ మెన్నా తన మొర చెప్పుకుంది. పేరు వినగానే నెలీ నమలడం ఆపేసింది.

"ఏ ఇంజనూ?"

"హ్లినోస్ పెద్దమ్మా. గని ఇంజను. మీకు గుర్తుందా?"

"గుర్తుండకేం! మా నాన్న తోలినదే కదే అది." నెలీ భుజాలు కదిలేలా నవ్వసాగింది. "మీ ఇద్దరూ దాని గురించే కొట్టుకుంటున్నారా? ఊళ్లో ఇంత గొడవ జరుగుతుంటే నాకొక్కరూ చెప్పలేదే!"

"మీ నాన్నగారా?"

"గ్రిఫ్ టోమోస్. పాపం, కొత్త ఇంజను దిగిన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. పేరు చూసి గనివాళ్లంతా ఒకటే ఎగతాళి. 'ఏం గ్రిఫ్, లైనోలు తోలుతున్నావా? మా ఆవిడ వంటింట్లోకి రెండు గజాలు చింపివ్వవూ' అని. కొండ దిగేదాకా అదే పాట. నాన్న వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఒకనాడు పసుపు రంగు డబ్బా ఎక్కడినుంచో తెచ్చి, నన్ను షెడ్డుకి తీసుకెళ్లాడు. ఆయనకి చదువు రాదు కదా. నేనప్పుడే బళ్లో చేరాను. 'తల్లీ, ఏ అక్షరం తగ్గిందో అది నువ్వే వెయ్యి' అని భుజాల మీదికి ఎక్కించుకున్నాడు."

మెన్నా చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. "మీరే రాశారా?"

"రాశానంటే రాశాను. వాళ్లు మిగిల్చిన చోటెక్కడుంది? అంచు గీత మీద పడింది. పక్కకి ఒరిగింది. కింద కాలు ఇంకా అవతలికి పోయింది. నాన్న మాత్రం దూరంగా వెళ్లి చూసి, 'ఇప్పుడు పాడుతుంది మన పిట్ట' అన్నాడు. ఇంగ్లీషు మేనేజరు చూశాడు గానీ ఏమీ అనలేదు. అనాలంటే ఆ పేరు పలకాలి కదా!"

మెన్నా ఇంటికి పోలేదు. వానలోనే తిన్నగా గ్యారేజీకి నడిచింది. ఇద్వల్ ఏదో కారు కింద పడుకుని ఉన్నాడు. బయటికొచ్చిన అతని బూట్లతోనే మాట్లాడింది. కథ సగంలో ఉండగా బూట్లు కదిలాయి, ముగిసేసరికి మనిషి మొత్తం బయటికొచ్చి నేల మీదే కూర్చున్నాడు.

"అంటే ఫోటో తీసింది ఇంగ్లండు నుంచి పంపకముందు. మన ఊరొచ్చాక..."

"రెండు ఎల్‌లు" అంది మెన్నా.

"ఒకటి వాళ్లది, ఒకటి మనది" అన్నాడు ఇద్వల్. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "మనది వంకర ఎల్. మీరూ నెగ్గలేదు మిస్" అన్నాడు.

"నువ్వు మాత్రం నెగ్గావా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. అతను నూనె మరకల కప్పుల్లో టీ పోశాడు. ఆవిడ కప్పు అంచు రుమాలుతో తుడుచుకుని మరీ తాగింది.

మర్నాడు మెన్నా ఫోటోలో ఉన్నట్టే పేరు రాసింది. పసుపు అక్షరాలు, కుడిపక్క ఎర్ర నీడ, నీడ అంచున సన్నని నలుపు. గీత ఎక్కడా తొణకలేదు. ఇక పేరుకి ముందు ఆ చంటిపిల్ల రాసిన ఎల్ మిగిలింది. అక్కడే ఆవిడకు చుక్కెదురైంది. బిస్కెట్ డబ్బా మీద ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ అక్షరం వంకర పోనంటుంది. ఒరిగించి రాస్తే అందంగా ఒరుగుతుంది. ఎడమ చేత్తో రాసినా ముచ్చటగా వస్తుంది. కళ్లు మూసుకుని రాసింది, కాస్త నయం, కానీ కళ్లు మూసుకుని రాసిన పంతులమ్మ అక్షరమే అది. జీవితమంతా పిల్లల వంకర గీతల్ని చక్కబెట్టిన చెయ్యి, ఒక్క వంకర గీత గీయమంటే మొరాయించింది.

ఇద్వల్‌కి ఫోన్ చేసి, "నా వల్ల కాదురా. ఆ అక్షరం ఎవరు రాశారో వాళ్లే రాయాలి" అంది.

"ఆవిడ చెయ్యి వణుకుతుంది మిస్" అన్నాడు ఇద్వల్.

"వణుకుతుంది."

"ఆ ట్యాంకుకి తొమ్మిది పూతలు వేశాను మిస్."

"నీ ఇష్టం. వద్దంటే నేనే ఏదో ఒకటి గీస్తాను."

"రేపు పదింటికి బండి తెస్తాను" అన్నాడు.

వృద్ధుల నివాసంలో భోజనాల బల్ల ఖాళీ చేసి, తెల్ల గుడ్డ పరిచి, ట్యాంకు పెట్టారు. నెలీ ముందుగా దాన్ని చేతులతో తడిమింది. ముసలి వేళ్లు వంపుల వెంట నెమ్మదిగా పోయి, కొనదాకా వచ్చి ఆగాయి. "ఎంత చిన్నదైపోయిందే!" అంది. "నేను పెద్దయ్యానా, అది కుంచించుకుపోయిందా?"

మెన్నా సన్నటి కుంచె ఇస్తే పక్కకు నెట్టేసింది. "ఈ ఈగ మీసంతో ఎవడు రాస్తాడు? ఇంకొంచెం లావుది ఇవ్వు." చెయ్యి ఆనించుకునే కర్ర కూడా వద్దంది. ఇద్వల్ కిటికీ దగ్గరికి వెళ్లి వానను చూడసాగాడు. అంతలోనే చూడకుండా ఉండలేక వెనక్కి వచ్చాడు.

"అవ్వా, మెల్లిగా" అన్నాడు.

"నువ్వు కార్లు బాగు చేసేటప్పుడు నేనొచ్చి మెల్లిగా అన్నానా?"

కుంచె ట్యాంకుని తాకింది. నిలువు గీత పైనుంచి కిందికి దిగుతూ ఎడమకు వాలింది. అడుగుకి వచ్చేసరికి చెయ్యి అదిరింది. అడ్డగీత కిందికి జారి, అంచు రేఖను దాటి అవతలికి పోయి, చివర ఆవగింజంత రంగు బొట్టుగా నిలిచింది. నెలీ కుంచె దించి ఊపిరి వదిలింది. మెన్నా చెయ్యి తనకు తెలియకుండానే టర్పెంటైన్ గుడ్డ మీదికి పోయింది. ఆ బొట్టు తుడవడానికి కొస చుట్టి ముందుకు వంగింది కూడా. ఇద్వల్ ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు మిస్. ముట్టుకోవద్దు."

బడిలో ఉన్నన్నాళ్లూ ఆవిడ చెయ్యి పట్టుకునే ధైర్యం ఎవడూ చేయలేదు. మెన్నా అతని ముఖం చూసింది, గుడ్డ పక్కన పెట్టేసింది. నెలీ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు చిట్లించి, "నాన్న చూస్తే మళ్లీ అదే అనేవాడు" అంది. ఆ తర్వాత టీ అడిగింది. టీ చల్లారిందని నర్సుని కూడా కోప్పడింది.

ఈస్టరు తర్వాత శనివారం క్లబ్బువాళ్లు నది ఒడ్డున వేసిన చిన్న పట్టాల మీద హ్లినోస్ మొదటిసారి నిండు ఆవిరితో నడిచింది. ఆ రోజు ఆశ్చర్యంగా ఎండ కాసింది. పొరుగు క్లబ్బుల నుంచి కూడా ఇంజన్లు వచ్చాయి. వాటికి మార్కులు వేయడానికి సరిహద్దు అవతల ఇంగ్లండు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మర్యాదస్తుడు. హ్లినోస్ ముందు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు మెచ్చుకున్నాడు. ఆఖరికి గడ్డం గోక్కుని, "మిగతా అక్షరాలు ఇంత గొప్పగా ఉన్నాయి. మరి మొదటిదేమిటి, ఇలా?" అని అడిగాడు.

"అది రాసినావిడ అదుగో" అని ఇద్వల్ చక్రాల కుర్చీ వైపు చూపించాడు. "ఆవిడ్నే అడగండి."

నెలీ దుప్పటి సర్దుకుని, "మొదటిసారి రాసినప్పుడు నాకు ఏడేళ్లు నాయనా. ఇప్పుడేమో చెయ్యి వణుకుతోంది. మధ్యలో ఎప్పుడడిగినా చక్కగా రాసిపెట్టేదాన్ని. ఎవరూ అడగలేదు" అంది.

పెద్దమనిషికి సంగతంతా విడమర్చి చెప్పారు. అతను టోపీ తీసి ఆవిడకు నమస్కారం పెట్టాడు గానీ, అక్షరం అంచు దాటినందుకు నిబంధన ప్రకారం మార్కులు కోయక తప్పలేదు. మొదటి బహుమతి రిల్ ఊరి నుంచి వచ్చిన పచ్చ ఇంజన్‌కి పోయింది. ఇద్వల్ పెద్దగా పట్టించుకోలేదు. ఆ పచ్చ ఇంజన్ పేరు రాసింది కూడా మెన్నాయేనని తెలిశాక మాత్రం ఓరగా చూశాడు.

"రెండు వైపులా డోలు వాయిస్తారా మిస్ మీరు?"

"అతని స్పెల్లింగ్ బాగుందిరా మరి" అంది మెన్నా.

పోతూ పోతూ ఆ పెద్దమనిషి ఇంజన్ పేరు సరిగ్గా పలికి వెళ్తానన్నాడు. నెలీ నాలుక ఎక్కడ పెట్టాలో చూపించింది. అతను ఊదాడు, తుంపర్లు ఎమ్లిన్ మీద పడ్డాయి. మళ్లీ ఊదాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక సలహా ఇస్తూ తామూ ఊదసాగారు. నది ఒడ్డంతా కాసేపు బుసబుసల మయమైంది. ఏది మనుషులదో ఏది ఇంజన్‌దో తెలియలేదు.

ఇద్వల్ విజిల్ వేశాడు. "ఎక్కండి మిస్, చోటుంది."

మెన్నా కోటు అంచులు కూడదీసుకుని, వెనక చెక్క బెంచీ బండి మీద గుర్రమెక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంది. పంతులమ్మ అలా కూర్చోవడం ఊరు ఎన్నడూ చూడలేదు. బొగ్గు పొగ ముఖం మీదికి కొట్టింది, కళ్లజోడు మసకబారింది. తుడుచుకోవాలంటే చెయ్యి వదలాలి. వదల్లేదు. మలుపు దగ్గర ఇంజను వేగం అందుకుంటే ఆవిడ గట్టిగా కేక పెట్టింది. ఒడ్డున ఉన్నవాళ్లు భయపడిందేమో అనుకున్నారు.

"ఆపనా మిస్?" అని ఇద్వల్ వెనక్కి తిరిగి అరిచాడు.

"ఆపితే ఊరుకోను! ఇంకో చుట్టు తిప్పు" అంది మెన్నా ప్యూ.